నీటి పీహెచ్ నిలవడం లేదు, ఆల్చిప్పల ప్రయోగానికి సాయం కావాలి

హైదరాబాద్‌లో ఎనిమిదో తరగతికి సైన్స్ చెబుతాను. కార్బన్ డయాక్సైడ్ కరిగి సముద్రంలో ఆమ్లత్వం పెరిగితే ఆల్చిప్పల పెంకులకు ఏమవుతుందో పిల్లలకు చూపించాలి. అక్వేరియం వాళ్లు వాడే సముద్రపు ఉప్పు లీటరుకు 35 గ్రాములు కలిపితే పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే కొలత, ఇది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) 8.1 వచ్చింది. ఈస్టు, పంచదార కలిపిన సీసా నుంచి గొట్టంతో కార్బన్ డయాక్సైడ్ పంపితే 7.3కు దిగుతోంది. తెల్లవారేసరికి మళ్లీ 8కి చేరుతోంది. మూత బిగిస్తే పెరగడం కాస్త ఆలస్యమైంది, అంతే.

సముద్రం 7.3 దాకా దిగదని తెలుసు. పారిశ్రామిక విప్లవం నుంచి తగ్గింది సుమారు 0.1. కానీ ఖాళీ పెంకు కరగడం కనిపించాలంటే 7.3 దాకా దింపాలి. వెనిగర్‌లో వేస్తే పెంకు వెంటనే బుసబుస పొంగింది. సముద్రంలో జరిగేది అది కాదు, పిల్లలకు తప్పు చూపించడం నాకు ఇష్టం లేదు.

ఖరీదైన పరికరాలు లేకుండా రెండు వారాలు పీహెచ్‌ను 7.3 దగ్గర నిలపడం ఎలా?