ఇంట్లో పోసిన స్టిక్ వార్మ్ తలకిందులుగా దిగిపోతోంది, వణుకు రావట్లేదు. ఉప్పు ఎంత, వేడి ఎంత?

ప్లానో_గాలం:

లార్జ్‌మౌత్ బాస్ చేప కోసం 5 అంగుళాల సెంకో రకం స్టిక్ వార్మ్‌లు (పుల్లలా ఉండే మెత్తటి ప్లాస్టిక్ ఎరలు) ఇంట్లోనే పోస్తున్నాను. కొన్నవి నీళ్ళలో వేస్తే రెండు కొనలూ వణుకుతూ అడ్డంగా దిగుతాయి. నేను పోసినవి మేకు దిగినట్టు నిలువునా దిగిపోతున్నాయి.

పద్ధతి ఇదీ: ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రెండు పలకల అచ్చు. రబ్బరు బ్యాండ్లు వేసి నిలబెట్టి, తోక వైపు రంధ్రం లోంచి పోస్తాను. 4 ఔన్సుల ప్లాస్టిసాల్ (వేడి చేసి చల్లారిస్తే మెత్తటి ప్లాస్టిక్ అయ్యే ద్రవం), 4 టేబుల్ స్పూన్ల మామూలు టేబుల్ సాల్ట్, గ్రీన్ పంప్‌కిన్ రంగు 10 చుక్కలు, నల్ల మెరుపు పొడి పావు టీస్పూన్. మైక్రోవేవ్‌లో ఒకేసారి 3 నిమిషాలు. ప్లాస్టిసాల్ కలిసొస్తుందని చిరిగిన పాత వార్మ్‌లు ఒక గుప్పెడు అందులోనే వేస్తున్నాను.

తలబరువు ఒకటే కాదు. లోపల సన్నటి బుడగలు వస్తున్నాయి. రంగు ఆకుపచ్చ నుంచి గోధుమ వైపు తిరుగుతోంది. వాకీ రిగ్ (వార్మ్ నడుము దగ్గర గాలం గుచ్చే పద్ధతి) కట్టి రెండోసారి విసిరేసరికి గాలం దగ్గర తెగిపోతోంది. ఒకటి రెండు పోతల్లో జిగటగా, చీము కారినట్టు మిగిలిపోయింది కూడా. ఎక్కడ తప్పుతోంది?

సీసం_సాంబయ్య:

తలబరువుకి కారణం మీరే రాశారు: అచ్చు నిలబెట్టి పోస్తున్నారు. కరిగిన ప్లాస్టిసాల్ నూనెలా పల్చగా ఉంటుంది, ఉప్పు గింజ దానికంటే బాగా బరువు. గట్టిపడేలోపు ఉప్పంతా అడుగుకి, అంటే మీ అచ్చులో తల వైపుకి చేరిపోతుంది. ఒక వార్మ్‌ని తల దగ్గర, తోక దగ్గర అడ్డంగా కోసి చూడండి. తల ముక్క తెల్లగా గరుకుగా, తోక ముక్క గాజులా కనిపిస్తే అదే రోగం.

మందు: అచ్చుని పడుకోబెట్టి పోయాలి. అప్పుడూ ఉప్పు దిగుతుంది కానీ కడుపు పొడవునా సమానంగా పరుచుకుంటుంది. రెండు కొనలూ ఒకే బరువుతో అడ్డంగా దిగుతాయి, ఆ కడుపు బరువు వల్ల అటూ ఇటూ ఊగుతాయి కూడా. మీకు కావలసిన వణుకు అదే.

ఇక కొలత. 4 ఔన్సులకి 4 స్పూన్లు చాలా ఎక్కువ. 2 టేబుల్ స్పూన్లు చాలు, అంటే కప్పు ప్లాస్టిసాల్‌కి పావు కప్పు ఉప్పు లెక్క. ఉప్పు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, బలం తగ్గుతుంది. రెండోసారికే తెగడానికి సగం కారణం ఇదే. టేబుల్ సాల్ట్ గింజ కూడా పెద్దది. కాఫీ గ్రైండర్‌లో ముగ్గుపిండిలా పట్టండి, లేదా పాప్‌కార్న్ ఉప్పు కొనండి. సన్న గింజ నెమ్మదిగా దిగుతుంది, ప్లాస్టిక్‌ని తక్కువ చీలుస్తుంది.

బుడగలు ఉప్పులోని తేమవి. పట్టిన ఉప్పుని ట్రేలో పల్చగా పరిచి 250 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో గంటసేపు ఓవెన్‌లో ఉంచండి. వేడిగా ఉండగానే వాడితే ఇంకా మంచిది, చల్లటి ఉప్పు వేస్తే మిశ్రమం ఒక్కసారిగా చిక్కబడుతుంది.

ఇంట్లో వంటకి పెట్టుకునే డిజిటల్ త్రాసు మీద ప్రతి వార్మ్‌నీ తూచండి. కొన్న 5 అంగుళాల సెంకో 10 గ్రాములకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. మీ మొదటి పోతకీ చివరి పోతకీ అర గ్రాము పైన తేడా వస్తే ప్రతిసారీ పోసేముందు కలపడం లేదని అర్థం. ఈ కొలతలతో 4 ఔన్సులకి 12 నుంచి 14 వార్మ్‌లు రావాలి.

తీగపాకం:

ఉప్పు సంగతి పైన చెప్పేశారు, వేడి సంగతి నేను చెప్తాను. ఇది పాకం పట్టడం లాంటిదే, లేతగా దించినా చెడుతుంది, ముదిరినా చెడుతుంది. మీ గిన్నెలో రెండూ ఒకేసారి జరుగుతున్నాయి.

ప్లాస్టిసాల్ మొదట పాలలా ఉంటుంది. వేడెక్కుతుంటే గడ్డలు కట్టి ఉప్మాలా తయారవుతుంది. చాలామంది ఇక్కడ భయపడి పారేస్తారు. ఇంకా వేడి చేస్తే మళ్ళీ కరిగి, తేటగా, పల్చగా అవుతుంది. ఆ తేటదనం వచ్చేది 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర. అంతకు ముందే పోస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ సరిగ్గా ఉడకదు, లాగితే జున్నులా విరుగుతుంది. 375 దాటితే రంగు తిరగడం మొదలు, 400 దాటితే మాడి ఘాటైన పొగ వస్తుంది. అందులో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తులకి చేటు. ఆ పొగ వస్తే గిన్నె తాకకుండా, మైక్రోవేవ్ తలుపు తెరవకుండా స్విచ్ ఆపి బయటికి నడవండి.

ఒకేసారి 3 నిమిషాలు పెడితే గిన్నెలో ఒకచోట మాడుతుంది, ఇంకోచోట పచ్చిగా ఉంటుంది. అందుకే మీకు గోధుమ రంగూ, తెగిపోవడమూ కలిసి వస్తున్నాయి. వెయ్యి వాట్ల మైక్రోవేవ్‌లో 4 ఔన్సులకి మొదట 90 సెకన్లు. తీసి, బుడగలు చేరకుండా నెమ్మదిగా కలపాలి. తర్వాత 30 సెకన్లు, కలపడం, మళ్ళీ 30. తేటపడ్డాక రంగు, మెరుపు, చివర్లో వేడి ఉప్పు. ఉప్పు పడగానే వేడి తగ్గుతుంది కాబట్టి ఇంకో 20 సెకన్లు పెట్టి, కలిపి, పోయండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పైపొర వేడి మాత్రమే చూపిస్తుంది, కలపకుండా చూసిన అంకెని నమ్మకండి.

రంగు ముందే వేస్తే తేటపడిందో లేదో కనిపించదు. మీరు ముందే వేస్తున్నారని నా అనుమానం.

జాగ్రత్తలు అందరికీ తెలిసినవే అనుకుని వదిలేయడం నాకిష్టం లేదు. అన్నం వేడి చేసుకునే మైక్రోవేవ్ వాడకండి, పాతది ఒకటి గరాజ్‌లో పెట్టుకోండి. తలుపు తీసి, ఫ్యాన్ గాలి బయటికి పోయేలా పెట్టాలి. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్, కళ్ళద్దాలు, తోలు గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. కరిగిన ప్లాస్టిసాల్ చర్మానికి అంటుకుంటే ఊడదు, కాలుస్తూనే ఉంటుంది. వేడి గాజు గిన్నెని గ్రానైట్ మీదో ఇనుప బల్ల మీదో పెడితే పగలొచ్చు, చెక్క పలక వేసుకోండి. దగ్గర్లో నీటి చుక్క ఉండకూడదు. తడి అచ్చులో పోస్తే ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది.

సీసం_సాంబయ్య:

జిగట మిగిలిన పోతల గురించి మర్చిపోయాను. మీరు వేసిన గుప్పెడులో ఎలాజ్‌టెక్ వార్మ్ ఏదో కలిసి ఉంటుంది. అది వేరే రకం ప్లాస్టిక్. మామూలు సాఫ్ట్ ప్లాస్టిక్‌తో ఒకే సంచిలో పెట్టినా రెండూ కరిగి ముద్దవుతాయి, ఇక కలిపి కరిగిస్తే చెప్పక్కర్లేదు. గుర్తుపట్టడం సులువు: ఎలాజ్‌టెక్‌ని లాగితే రబ్బరు బ్యాండులా చాలా దూరం సాగుతుంది, నీళ్ళలో తేలుతుంది. గల్ప్ రకం ఎరల్లో తడి ఉంటుంది, వాటినీ కరిగించకూడదు.

మిగతా పాతవి కరిగించొచ్చు. ముందు కడిగి పూర్తిగా ఆరబెట్టి, గాలం ముక్కలు ఏరి, ముదురు రంగులకి మాత్రమే వాడండి. కరిగించిన ప్రతిసారీ ఇంకాస్త గోధుమ రంగు తిరుగుతుంది, గట్టిపడుతుంది. 4 ఔన్సులకి ఒక టీస్పూన్ సాఫ్ట్‌నర్ (మెత్తబరిచేది), కొన్ని చుక్కల హీట్ స్టెబిలైజర్ (వేడికి రంగు తిరగకుండా ఆపేది) కలిపితే సర్దుకుంటుంది. నల్ల వార్మ్‌కి నీలం మెరుపు వేసుకుంటే ఆ గోధుమ ఛాయ ఎవరికీ కనిపించదు, బాస్‌కి అసలే కనిపించదు.

అచ్చు_రమణ:

రెండు పలకల అచ్చులో చేత్తో పోస్తే లోపలి గాలి బయటికి రాదు. ఆ రకానికి పంపు, అదే ఇంజెక్టర్ కావాలి, నింపాక 10–15 సెకన్లు ఒత్తి పట్టుకోవాలి. చేత్తో పోసేవాళ్ళకి పైన తెరిచి ఉండే ఒక పలక అచ్చే సుఖం. వార్మ్ ఒక పక్క చదునుగా వస్తుంది. దానివల్ల నష్టం లేదు.

చేసే విధానం: కొత్త స్టిక్ వార్మ్‌ని చదునైన టైల్ మీద సూపర్ గ్లూతో పొడవునా అతికించండి. అతికించకపోతే ప్లాస్టర్ పోయగానే కదిలి వంకరపోతుంది. మెత్తటి నమూనా అయితే గట్టిపడ్డాక వంచి లాగేయొచ్చు. చెక్కదో పెన్నుదో అయితే దాని మందంలో సగానికి మించి టైల్ పైన ఉండకూడదు, ఉంటే ప్లాస్టర్‌లో ఇరుక్కుంటుంది. సెంకో ఆకారం బిక్ పెన్ను గొట్టం చూసి పుట్టిందని అంటారు కాబట్టి పెన్ను వాడేవాళ్ళూ ఉన్నారు, అందుకే చెప్తున్నా.

చుట్టూ అట్ట గోడ కట్టి, అన్నిటికీ పల్చగా వాజ్‌లైన్ రాయండి. ప్లాస్టర్ రెండు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు. పొడిని నీళ్ళలో వేయాలి, నీళ్ళని పొడిలో పోయకూడదు. పోసి, టైల్ అంచుని ఓ నిమిషం తట్టితే గాలి పైకొస్తుంది. 40 నిమిషాల తర్వాత విప్పొచ్చు, కానీ వాడకూడదు. 3–4 రోజులు గాలికి ఆరాలి. తొందరైతే 200 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో కొన్ని గంటలు పెట్టి తూచి చూడండి. గంట తేడాలో రెండుసార్లు తూచినా బరువు మారకపోతే ఆరినట్టు.

ఆ తర్వాత తెల్ల జిగురు, నీళ్ళు సమపాళ్ళలో కలిపి 3 పూతలు, ఒక్కోటీ ఆరాకే తర్వాతది. పూత లేకపోతే ప్లాస్టర్ రంధ్రాల్లోని గాలి వేడికి పైకొచ్చి వార్మ్ కడుపు మీద గుంటలు పడతాయి. మీ బుడగల్లో కొన్ని ఇవి కూడా కావచ్చు.

ప్లాస్టిసాల్ చల్లారుతూ కుంచించుకుంటుంది. అంచు కంటే వెంట్రుకవాసి పైకి పోయండి, గుంట పడితే వేడిగా ఉండగానే కాస్త నింపండి. తీశాక, పోసే చోటికి దూరంగా పెట్టిన చల్లటి నీళ్ళలో వంకర లేకుండా తిన్నగా వేయాలి. వంకరగా చల్లారితే ఆ వంకర పోదు, నీళ్ళలో గుండ్రంగా తిరిగి లైన్ మెలిపెడుతుంది.

ప్లానో_గాలం:

రంగు ముందే వేస్తున్నాను, నిజమే. ఎలాజ్‌టెక్ ముక్కలూ దొరికాయి. ఇక గాలం దగ్గర తెగడం తగ్గాలంటే రిగ్ ఎలా కట్టాలి? వచ్చే నెల టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ చెరువుకి వెళ్తున్నాం.

లూయిస్‌విల్_లైన్:

వార్మ్‌ని నేరుగా గుచ్చకుండా నడుముకి ఓ-రింగ్ తొడిగి, గాలాన్ని రింగ్ కింది నుంచి పోనివ్వండి. హార్డ్‌వేర్ దుకాణంలో ప్లంబింగ్ ఓ-రింగ్‌లే చాలు, వార్మ్ మీద బిగుతుగా కూర్చోవాలి గానీ నడుముని నొక్కేయకూడదు. తొడగడానికి వార్మ్ పట్టేంత పీవీసీ గొట్టం ముక్క తీసుకుని, దాని మీద రింగ్ ఎక్కించి, లోపలికి వార్మ్ దూర్చి రింగ్‌ని జార్చేయండి.

గాలం 1/0 సైజు వాకీ హుక్, నాచు ఉంటే తీగ అడ్డం ఉన్నది. 7 అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), చివర 6–8 అడుగుల 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీళ్ళలో అంతగా కనిపించని లైన్). విసిరాక లైన్ వదులుగా ఉంచండి. బిగిస్తే వార్మ్ మీ వైపు ఈదుతూ వస్తుంది, వణుకు చచ్చిపోతుంది. చాలా కాట్లు దిగేటప్పుడే పడతాయి, చేతికి తెలియవు. లైన్ నీళ్ళని తాకే చోట చూడండి: చిన్న టిక్ అన్నా, పక్కకి నడిచినా, దిగాల్సింది మధ్యలో ఆగినా చేప ఉన్నట్టే. వదులు చుట్టేసి, రాడ్‌ని పక్కకి గట్టిగా ఈడిస్తే చాలు, పైకి ఝాడించకండి. ఆలస్యం చేస్తే గాలం గొంతులోకి పోతుంది. ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ని వదిలేయాల్సిందే, అందుకే ముల్లు నొక్కేసిన గాలం వాడటం నయం.

గాలి లేస్తే వాకీ పనిచేయదు, లైన్ విల్లులా వంగిపోతుంది. అప్పుడు తలలోకి 1/16 ఔన్స్ మేకు గుచ్చి నెకో రిగ్ చేయండి. అక్కడ తలబరువే కావాలి కాబట్టి మీరు తప్పుగా పోసినవన్నీ అక్కడ పనికొస్తాయి.

మానేరు_పిలగాడు:

అన్నా, మాది కరీంనగర్. ఇక్కడ బాస్ ఉండది, కొర్రమట్ట ఉంటది. గీ వార్మ్ దానికి పనికొస్తదా?

లూయిస్‌విల్_లైన్:

ఈ ఉప్పు వార్మ్ అంతగా పనికిరాదు తమ్మీ. కొర్రమట్ట గాలి పీల్చనీకి పైకొస్తది, తామరాకుల సందుల, గుర్రపుడెక్క అంచుల ఉంటది. ఇది నాచుల దిగి ఇరుక్కుంటది, పండ్లకి ముక్కలైతది. బోలు కప్ప లూర్ తీసుకో, రెండు గాలాలు వీపుకి ఆనుకునుండాలె, 40–50 పౌండ్ల బ్రెయిడ్ వెయ్యి. ఆకుల మీదికెళ్ళి గుంజుకుంట వచ్చి ఖాళీ నీళ్ళ దగ్గర ఆపు. దెబ్బ కొట్టంగనే గుంజకు, కప్ప మునిగినంక ఒకటి రెండు లెక్కవెట్టి గుంజు. కప్ప లోపలికి నీళ్ళు పోతే మునుగుతది, నాలుగైదు సార్లు విసిరినంక ఒకసారి పిండు.

ప్లానో_గాలం:

పడుకోబెట్టి, 2 స్పూన్ల ఉప్పుతో పోసి బాత్‌టబ్‌లో వేశాను, అడ్డంగానే దిగుతోంది. త్రాసు మీద 9.6 నుంచి 9.9 గ్రాములు. కానీ ఒక కొన ఇంకా తక్కువగా వణుకుతోంది.

అచ్చు_రమణ:

టైల్ సమంగా ఉందో లేదో స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి. బల్ల ఒక పక్కకి వాలి ఉన్నా ఉప్పు అటే జారుతుంది. అది సరిగ్గానే ఉంటే ఎప్పుడూ ఒకే కొన నుంచి పోస్తున్నట్టు లెక్క. గిన్నె మూతిని కొన నుంచి కొనకి నడిపిస్తూ పోయండి.