అప్‌డేట్: బి24 పోశాక జనరేటర్ నుంచి నల్లపొగ

సింగపూర్‌లో బి24 (24 శాతం బయోడీజిల్ కలిపిన ఓడ ఇంధనం) ఎక్కించుకున్నాక మా ఓడలో రెండో జనరేటర్ నల్లపొగ కక్కుతోందని, తప్పు బయోడీజిల్‌దేనా అని అడిగాను కదా, సంగతి తేలింది. తప్పు దానిది కాదు, నాజిల్‌ది, అంటే ఇంధనాన్ని సిలిండర్‌లోకి చిమ్మే ఇంజెక్టర్ కొనది.

ఆ జనరేటర్ మూడో యూనిట్ (సిలిండర్) ఎగ్జాస్ట్ టెంపరేచర్ మిగతావాటికన్నా ఎక్కువగా ఉందని చూసి ఇంజెక్టర్ విప్పి టెస్ట్ పంప్ మీద పెట్టాం. స్ప్రే పొగమంచులా రావాల్సింది, నాజిల్ కొనన బొట్టు బొట్టుగా కారుతోంది! మార్చాక పొగ పోయింది.

ఫిల్టర్లు మాటిమాటికీ మూసుకుపోవడం మాత్రం బయోడీజిల్ వల్లే. అది మంచి ద్రావకం, సర్వీస్ ట్యాంక్ (ఇంజన్‌కి ఇంధనం అందించే ట్యాంక్) అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డినంతా కరిగించి తెచ్చి ఫిల్టర్‌లో పడేసింది, నల్లగా జిగురుగా చేతికంటితే సబ్బుకీ వదల్లేదు. ముందే ట్యాంక్ కడిగించి ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు, మీరూ కడిగించండి.

బయోడీజిల్‌లో బరువులో దాదాపు 11 శాతం ఆక్సిజనే కాబట్టి మసి సాధారణంగా తగ్గుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం కొన్ని ఇంజన్లలో కాస్త పెరగొచ్చు. ఇంధనంలో సల్ఫర్ రూల్ ప్రకారం 0.50 శాతం లోపే ఉంది కదా అని నైట్రోజన్ ఆక్సైడ్ల లెక్క వదిలేయకూడదు, రెండూ వేర్వేరు. రేపు మిగతా ఇంజెక్టర్లు కూడా విప్పుతున్నాం.