‘మర పట్టింది’, ‘మర పట్టేసింది’: రెండూ ఒకటేనా?

విశాఖ సభ్యురాలు:
అందరికీ నమస్కారం. ఐటీఐలో టర్నర్ ట్రేడు చదివే పిల్లల కోసం లేత్ (ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) పాఠాలు తెలుగులో రాస్తున్నాను. మరలున్న ముక్కను లేత్‌కి ఎలా బిగించాలి, మర చెడకుండా ఎలా పట్టి ఉంచాలి అనే పాఠం దగ్గర ఆగిపోయాను. నా చేతికొచ్చిన పాత ముసాయిదాలో ‘దారమున్న పని ముక్కను సురక్షితంగా పట్టుకొనుట’ అని ఉంది. ఇంగ్లీషులో రెండూ ‘థ్రెడ్’ కావచ్చు, మనకి కాదు. దారంతో బట్టలు కుడతాం. బోల్టు మీద చుట్లుగా ఉండేది మర. దాన్ని కొట్టేయడానికి నాకు క్షణం పట్టలేదు.

తేలనిది క్రియ. పని నడిచినంతసేపూ ముక్క కదలకూడదు, పనయ్యాక సులువుగా ఊడి రావాలి. మొదటిదానికి ‘మర పట్టింది’ అని రాస్తే, చదివిన ఒకాయన ‘అంటే ఇరుక్కుపోయిందనా?’ అని అడిగారు. పట్టింది, పట్టుకుంది, పట్టేసింది, బిగిసింది, బిగుసుకుంది, కరుచుకుంది: ఇన్ని ఉన్నాయి మనకి. వర్క్‌షాపులో దేనికి ఏది అంటారో పనిచేసినవాళ్లు చెబితే రాసుకుంటాను. నిఘంటువులు చూశాను, సరిపోలేదు.

విజయవాడ ఆటోనగర్ సభ్యుడు:
అమ్మా, నేను లేత్ మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. ముందు ఒక మాట. మేం ‘పని ముక్క’ అనం, ‘జాబ్’ అంటాం. పిల్లలు రేపు షాపులో అడుగుపెడితే వినేది అదే మాట. మీ పాఠంలోనూ జాబ్ అనే ఉంచండి.

ఇక మీ ప్రశ్న. నట్టు బోల్టు మీదకి సరిగ్గా ఎక్కి, చుట్లు ఒకదాంట్లో ఒకటి కూర్చుంటే ‘మర పట్టింది’ అంటాం. అది మంచి కబురు. తుప్పు వల్లో, ఎక్కువ బిగించడం వల్లో ఇక కదలకపోతే ‘నట్టు పట్టేసింది’ అంటాం. అది చెడ్డ కబురు. అప్పుడు కిరసనాయిలు పోస్తాం, సుత్తితో తడతాం, అదీ కాకపోతే వేడి చేస్తాం. చక్కు అంటే జాబ్‌ని పట్టి తిప్పే లేత్ భాగం, దాని దవడలకైతే ‘కరవడం’ అనే మాట వాడతాం. ‘చక్కు సరిగా కరవలేదు, జాబ్ జారుతోంది’ అంటాం. మీ పాఠంలో ఈ మూడూ వస్తాయి కాబట్టి మూడింటినీ విడివిడిగా వాడాలి.

మర ఉన్న జాబ్‌ని దవడలతో నేరుగా ఎందుకు కరిపించకూడదో కూడా పిల్లలకి చెప్పండి. 12 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టునే తీసుకోండి. చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1.75 మిల్లీమీటర్లు. మర కొన మీద చదును అందులో ఎనిమిదో వంతు, అంటే 0.22 మిల్లీమీటర్ల దగ్గర. చక్కు బలమంతా ఆ సన్నటి అంచుల మీదే పడుతుంది. దవడలు గట్టిపరిచిన ఉక్కు, బోల్టు మెత్తటి ఉక్కు. కొనలు నలిగి పక్కకి వాలిపోతాయి. తీసి చూస్తే మూడు చోట్ల మెరిసే గీతలుంటాయి, నట్టు ఆ గీతల దగ్గరికొచ్చి ఆగిపోతుంది. నలగకూడదని తక్కువ బిగిస్తే కోసే టూలు తగిలిన మరుక్షణం జాబ్ తిరిగిపోతుంది. అందుకే ఇక్కడ దవడ కరవాల్సింది మరను కాదు, మరను పట్టిన ఇంకో ముక్కను.

రాజమండ్రి తెలుగు మాస్టారు:
ఆటోనగర్ వారు చెప్పిన తేడా వ్యాకరణంలోనూ ఉంది. పట్టు అనే క్రియకి, పట్టే మనిషి లేకపోయినా పని జరిగిపోయే వాడుక ఒకటుంది. నిద్ర పట్టింది, చెమట పట్టింది, తుప్పు పట్టింది, ఉప్పూకారం ముక్కకు పట్టింది. ఎవరో పట్టుకున్నారని కాదు, ఒకటి ఇంకోదానికి అంటి నిలిచిందని. ‘మర పట్టింది’ ఆ కుదురులోదే.

దీనికి ‘వేయు’ చేరితే ‘పట్టేసింది’. వేయు చేరితే పని పూర్తయిపోయిందని, వెనక్కి తీసుకోలేమని వస్తుంది. మెడ పట్టేసింది, నడుం పట్టేసింది, ఇంజను పట్టేసింది, నట్టు పట్టేసింది: వీటన్నింటిలో కదలాల్సింది కదలడం మానేసింది. అయితే ఒక్క వేయు వల్లే చెడ్డ అర్థం రాదు. ‘దొంగను పట్టేశారు’, ‘పాఠం ఇట్టే పట్టేశాడు’ అంటే మెచ్చుకోలు. పట్టేవాడు మనిషైతే నైపుణ్యం, మనిషి లేకుండా వస్తువే పట్టేస్తే ఇరుకు. విశాఖ వారి ‘మర పట్టింది’ నిర్దుష్టమైన వాక్యం. చదివినవారు దాన్ని ‘పట్టేసింది’తో కలిపి విన్నారు.

బిగి విషయంలోనూ మన భాష ఇంతే నిక్కచ్చిగా ఉంటుంది. బిగించడం చేసేవాడి పని. బిగియడం దాని ఫలితం. బిగుసుకోవడం మనిషి చెయ్యి లేకుండా వస్తువు తనంతట తాను చేసుకునేది. ఈ మూడింటికీ ఒకే మాట పెట్టి రాసే పాఠాలు చూస్తే నాకు బాధ కలుగుతుంది.

హైదరాబాద్ బాలానగర్ సభ్యుడు:
నమస్తే సార్. మా దిక్కు షాపులల్ల మర అనెటోళ్లు తక్కువ. ‘చూడీ’ అంటరు, ఉర్దూ మాట, చేతి గాజు అని అర్థం. చూడీ కొట్టుడు అంటే మర కోసుడు. చూడీ పోయిందంటే మర అరిగిపోయింది. పట్టేసిందానికి ‘జామైంది’ అంటం. పాఠంల మర అనే రాయుండ్రి గని, ఒక్కసారి చూడీ అని గూడ చెప్పుండ్రి అక్కా. మా పిల్లలకు వెంటనే సమజైతది.

విశాఖ సభ్యురాలు:
తప్పకుండా రాస్తాను తమ్ముడూ. మర అనే మాటతో ఇంకో చిక్కు ఉంది. పిండిమర, మరమగ్గం, మరపడవ, మరమనిషి వీటిలో మర అంటే యంత్రం. మరమేకులోనూ మరచెంబులోనూ మర అంటే ఈ తిరుగుడు చుట్లు. ‘మర పని’ అంటే పిల్లలు ఏదనుకుంటారు?

రాజమండ్రి తెలుగు మాస్టారు:
పక్కనున్న మాటను బట్టే తెలుస్తుంది. మర ఆడుతుంది, తిరుగుతుంది, ఆగుతుంది అంటే యంత్రం. మర ఎక్కుతుంది, పడుతుంది, అరుగుతుంది అంటే చుట్లు. మీరు ‘మరలున్న జాబ్’ అని బహువచనంలో రాస్తే అనుమానమే ఉండదు. మరచెంబు మంచి ఉదాహరణ. ప్రయాణాల్లో మంచినీళ్లు ఒలకకుండా ఇత్తడి చెంబుకు మూతను తిప్పి బిగించేవారు. చెంబు మెడ మీద బయటి మర, మూతకి లోపలి మర. బయటి మర, లోపలి మర అనే జంటను మీ పాఠానికి అక్కణ్ణుంచే తెచ్చుకోవచ్చు.

లేత్‌కి ‘తరిమెన’ అనే పాత మాటా ఉంది. తరిమెన పట్టడం, సాన పట్టడం, చిత్రిక పట్టడం, అన్నింటిలోనూ పట్టడమే. పనిముట్టుకు వస్తువును ఆనించి పనిచేయడం అన్నమాట. మీ పాఠంలో లేత్ అనే రాయండి, నేను తరిమెన కోసం పట్టుబట్టను. కానీ పట్టు అనే క్రియ మీ పనికి బయటిది కాదని తెలియాలి.

విశాఖ సభ్యురాలు:
బయటి మర, లోపలి మర వెంటనే తీసుకున్నాను. ఆటోనగర్ వారిని ఇంకొకటి అడుగుతాను. ‘మరను పట్టిన ఇంకో ముక్క’ అన్నారు కదండీ, అది మీరు ఎలా చేస్తారో అలాగే చెబుతారా? మీ వాక్యాలే పాఠంలో పెట్టాలని ఉంది.

విజయవాడ ఆటోనగర్ సభ్యుడు:
చెబుతానమ్మా. తొందరగా కావాలంటే మామూలు నట్టు తీసుకుని ఒక వైపు హాక్సా బ్లేడుతో చీల్చండి. ఒక్క వైపే, రెండు ముక్కలు కాకూడదు. నట్టుకి ఆరు పలకలు, చక్కుకి మూడు దవడలు. ఒక పలక విడిచి ఒక పలకను దవడ కరుస్తుంది. కాబట్టి చీలికను దవడ తగలని పలక మధ్యలో పెట్టండి. బోల్టును చేత్తో తిప్పి ఎక్కించి చక్కు బిగిస్తే చీలిక దగ్గరపడుతుంది, నట్టు లోపలి మర బోల్టు మరను చుట్టూరా పట్టుకుంటుంది. బలం కొనల మీద కాకుండా మర వాలుల మీద పడుతుంది. అందుకే నలగదు. చక్కు వదులు చేస్తే నట్టు తెరుచుకుంటుంది, బోల్టు చేత్తోనే ఊడివస్తుంది.

బజారు నట్టు లోపలి మర దాని పలకలకి సరిగ్గా నడిమధ్యన ఉంటుందని నమ్మకం లేదు. కొలత ముఖ్యమైన పనికి బుష్, అంటే నట్టులా జాబ్‌ని చుట్టి పట్టే గొట్టం ముక్క, మనమే చేసుకోవాలి. దవడలు కరవడానికి చాలినంత లావు రాడ్డు ముక్క చక్కులో పెట్టి, బయటి వైపు కోసి, ఒక చివర చిన్న కాలర్, అంటే కొంచెం లావు అంచు, విడవాలి. 12 మిల్లీమీటర్ల మరకైతే 10.2 డ్రిల్ వేసి, అదే బిగింపులో ట్యాప్ కొట్టి లోపలి మర కొయ్యాలి. చక్కులోంచి తీసేముందు ఒకటో నంబరు దవడ ఎక్కడుందో బుష్ మీద గుర్తు పెట్టాలి. తర్వాత చీల్చి, చీలిక అంచులకు లోపలా బయటా ఆకురాయి పెట్టాలి. ఆ అంచు ముల్లు తియ్యకపోతే అదే బోల్టు మరను గీస్తుంది. మళ్లీ వాడినప్పుడు కాలర్ దవడల ముఖానికి ఆనాలి, గుర్తు ఒకటో దవడ ఎదురుగా రావాలి. అప్పుడు జాబ్ ఊగదు.

బుష్‌లోకి బోల్టు ఎక్కేటప్పుడు చెయ్యి చెప్పేది వినాలి. రెండు చుట్లు ఎక్కి ఆగిపోతే బలవంతం చెయ్యొద్దు. పాత పంపుసెట్ల బోల్టులు కొన్ని అంగుళాల లెక్కవి, అర అంగుళం విట్‌వర్త్ (పాత బ్రిటిష్ కొలత) మర అంగుళానికి 12 చుట్లు, కోణం 55 డిగ్రీలు. మెట్రిక్‌ది 60. దీనికి దాన్ని జత చెయ్యలేం. దీన్ని మేం ‘మర కలవలేదు’ అంటాం. మీ జాబితాలో ఈ మాటకీ చోటివ్వండి.

విశాఖ సభ్యురాలు:
‘మర కలవలేదు’ ఎంత బాగుందో! లోపలి మరలున్న జాబ్ సంగతేంటండీ, ఆ చెంబు మూతలాంటిది?

విజయవాడ ఆటోనగర్ సభ్యుడు:
దానికి మర మాండ్రెల్ కావాలి. అంటే బయటి మర కోసిన రాడ్డు, మర మొదట్లో ఒక మెట్టు. జాబ్ తిరుగుతూ వెళ్లి ఆ మెట్టుకి ఆనుతుంది. మర మెట్టు దాకా పూర్తిగా రాదు కాబట్టి అక్కడ చిన్న గాడి కొయ్యాలి, లేకపోతే జాబ్ ముఖం మెట్టుకి ఆనదు, వాలిపోతుంది.

మాస్టారు గారు చెప్పిన బిగుసుకోవడం ఇక్కడే వస్తుంది. మామూలు కుడి మరైతే, అంటే కుడివైపు తిప్పితే బిగిసేదైతే, లేత్ ముందుకు తిరిగేటప్పుడు టూలు జాబ్‌ని వెనక్కి నెడుతుంది. ఆ నెట్టుడుకి జాబ్ మర మీద ఇంకా లోపలికి తిరుగుతుంది. ఎవరూ బిగించడం లేదు, కోత బలానికి అదే బిగుసుకుంటోంది. పని నడిచేటప్పుడు అది మనకి మేలు. పనయ్యాక అదే బాధ, అప్పటికి ‘పట్టేసింది’ అనే స్థితికి వచ్చేస్తుంది. గ్రిప్పరు పెట్టి లాగితే తయారైన జాబ్ పాడవుతుంది. అందుకే మెట్టుకి బదులు మాండ్రెల్ మీద ముందే ఒక పల్చటి నట్టు ఎక్కించి జాబ్‌ని దానికి ఆనిస్తాం. పనయ్యాక ఆ నట్టును స్పానరుతో కొంచెం వదులు చేస్తే చాలు, జాబ్ చేతికి వచ్చేస్తుంది.

లేత్‌ని వెనక్కి తిప్పి కోస్తే ఇదంతా తలకిందులు. జాబ్ ఊడి ఎగిరిపడుతుంది. పాత లేత్‌లలో చక్కే స్పిండిల్ (లేత్‌లో తిరిగే ఇరుసు) మీద మరతో ఎక్కుతుంది, ఒక్కసారిగా వెనక్కి తిప్పితే ఆ చక్కే ఊడివచ్చే ప్రమాదం ఉంది. ఈ వాక్యం పాఠంలో పెద్ద అక్షరాల్లో వెయ్యండమ్మా.

హైదరాబాద్ బాలానగర్ సభ్యుడు:
బాబాయ్, ఎడమ చూడీ జాబ్ వస్తే ఎట్ల? సైకిల్ ఎడమ పెడల్ అసొంటిది.

విజయవాడ ఆటోనగర్ సభ్యుడు:
ఎడమ మరకి ఉత్త మాండ్రెల్ వద్దు బాబూ, కోత బలానికి వదులైపోతుంది. పెడల్ ఇరుసు బయటి మర కాబట్టి ఎడమ ట్యాప్ కొట్టిన చీలిక బుష్ చెయ్యి. అక్కడ పట్టు చక్కు బిగింపు నుంచి వస్తుంది, మర ఎటు తిరిగినా ఫరవాలేదు.

విశాఖ సభ్యురాలు:
ఇప్పుడు ఇలా రాశాను, చూడండి: ‘మరలున్న జాబ్‌ని దవడలతో నేరుగా కరిపించకూడదు. చీల్చిన బుష్‌లోకి చేత్తో తిప్పి ఎక్కించాలి. మర పట్టిందని తెలిశాక చక్కు బిగించాలి. లోపలి మరలున్న జాబ్ మాండ్రెల్ మీద కోత బలానికి తానే బిగుసుకుంటుంది. పట్టేయకుండా, జాబ్ వెనక పల్చటి నట్టు ఉంచాలి.’ చూడీ అనే మాట మొదటి పేజీలోనే మర పక్కన ఇచ్చాను.

రాజమండ్రి తెలుగు మాస్టారు:
క్రియలన్నీ ఎక్కడికక్కడ సరిగ్గా పడ్డాయి. ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు.

విజయవాడ ఆటోనగర్ సభ్యుడు:
ఒక్కటి చేర్చండమ్మా. ‘చీలిక రెండు దవడల నడుమ ఉండాలి.’ దవడ సరిగ్గా చీలిక మీదకొస్తే బుష్ సమంగా మూసుకోదు.

విశాఖ సభ్యురాలు:
చేర్చాను. ‘చేత్తో తిప్పి ఎక్కించాలి’ తర్వాత వాక్యంగా పెట్టాను.