షగాల్ బొమ్మలో రైలు తలకిందులుగా ఎందుకుంది?

రంగులడబ్బా: మా పాపకి మార్క్ షగాల్ 1913లో వేసిన ‘కిటికీలోంచి పారిస్’ గురించి రెండు పేజీలు రాసుకురమ్మన్నారు. ఈఫిల్ టవర్, తలకిందులైన రైలు, పారాచూట్ మనిషి, మనిషి మొహమున్న పిల్లి, రెండు ముఖాల మనిషి, రంగు పట్టీల ఆకాశం. ఏది దేనికి గుర్తు? రేపటికి కావాలి.

బొంకులదిబ్బ: గుర్తులేటండీ బాబూ! కాలేజీ రోజుల్లో పోటీకి మన గంటస్తంభం నీలంగా వేస్తే, ఆ రంగు కాదు కదా అని జడ్జిగారు పక్కన పడేశారు. పొద్దుగూకాక వెళ్ళి చూడండి, నీలంగా లేకపోతే అడగండి.

నాగావళిగట్టు: ఒక ముఖం పారిస్ వైపు, ఇంకోటి షగాల్ వదిలొచ్చిన సొంతూరు వీటెబ్‌స్క్ వైపు అనుకుంటా. ఇరవయ్యేళ్ళుగా హైదరాబాదులో అద్దెకుంటున్నా, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో బండి దిగినప్పుడు నా మొహం ఎటుంటుందో నాకే తెలీదు.

ధూసి: ఆమదాలవలస అనండి సార్, మా ఊళ్ళో దిగి మీ ఊరి పేరేటి?

కుంచెమాస్టారు: ముప్పయ్యేళ్ళుగా డ్రాయింగ్ చెప్తున్నాను. ఆ ఆకాశం చిత్రకారుడు రాబర్ట్ డెలానే ప్రభావం, ఈఫిల్ టవర్ని పదేపదే వేసింది ఆయనే. ముక్కలుగా విరిచి పేర్చడం క్యూబిజం నుంచి వచ్చింది. రైలుకి అర్థం వెతకడం చదువు లేనివాళ్ళ పని.

కొండదారి: చదువు లేనివాళ్ళా? సవర గిరిజనుల గోడబొమ్మలు చూశారా మాస్టారూ? ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో ఏనుగు, చెట్టు, నిచ్చెన, దాని పక్కనే సైకిలు, విమానం కూడా ఒకే చట్రంలో ఇమిడిపోతాయి. పైనా కిందా అన్న పట్టింపే లేదు. వాళ్ళెవరూ పారిస్ వెళ్ళి నేర్చుకోలేదు.

కుంచెమాస్టారు: అవి పూజకోసం వేసేవి, దేవుడికో పెద్దలకో చెల్లించేవి. ఇదేమో ఒక మనిషి సొంత కల. రెండూ ఒకటే అంటే ఎలా?

కొండదారి: నేను ఒకటే అన్నానా? మీరు చదవకుండానే రాస్తున్నారు. మా సీతంపేట రండి, చూపిస్తాను, మన శ్రీకాకుళం జిల్లాలోనే...

పార్వతీపురం: ఆగండి. 2022 నుంచి సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లా.

కొండదారి: జిల్లా మారితే గోడ మారిపోద్దా?

కుంచెమాస్టారు: వ్యక్తిగతంగా మాట్లాడొద్దు. నేనింక రాయను.

రంగులడబ్బా: అయ్యా, పిల్లి సంగతి ఎవరూ చెప్పలేదు.

కుంచెమాస్టారు: అది కిటికీ గట్టు మీద కూర్చుంది. లోపలికీ కాదు, బయటికీ కాదు. షగాల్ కూడా అంతే. ఇది రాయించండి.

బొంకులదిబ్బ: మా పిల్లీ అలాగే కూర్చుంటుంది, చేపల బండి వచ్చే టైముకి.