డాలస్ నల్లమట్టిలో అనెమొనీ దుంపలు కుళ్ళకుండా నాటడం ఎలా?

పెరటిమందారం (డాలస్):
డి కాన్ రకం అనెమొనీ పూలమొక్కల దుంపలు 40 తెప్పించాను. మాది జిగురు నల్లమట్టి, వాన పడితే రెండు రోజులైనా నీరు ఇంకదు. పోయినేడు నాటినవి మొలవకముందే మెత్తబడ్డాయి. ఎంతసేపు నానబెట్టాలి? ఏ వైపు కిందికి ఉండాలి? పూలయ్యాక దుంపల్ని నేలలోనే వదిలేయొచ్చా?

ఆకుపచ్చ_ఆస్టిన్:
మెత్తబడ్డాయంటే ఎక్కువ నానైనా ఉండాలి, వెచ్చటి తడినేలలో పడైనా ఉండాలి. 3-4 గంటలు నానితే చాలు, దుంప బాగా ఉబ్బుతుంది. రాత్రంతా నీళ్ళలో ఉంటే గాలి అందక కుళ్ళు మొదలవుతుంది. నేల వేడి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగాకే, అంటే సుమారు నవంబరులో, నాటండి.

అసలు పని మట్టిలో ఉందండీ. ఇసుక మాత్రం కలపొద్దు, నల్లమట్టితో కలిసి బిగుసుకుపోతుంది. ఎక్స్‌పాండెడ్ షేల్ (కాల్చి ఉబ్బించిన తేలికపాటి రాతి ముక్కలు) 3 అంగుళాల మందాన పరిచి, 6-8 అంగుళాల లోతుదాకా తిరగేసి, పైన కంపోస్టుతో మడి ఎత్తు చేయండి. అక్కడి నేలలోని సున్నం ఈ మొక్కకు ఇబ్బంది కాదు, దాన్ని తగ్గించడానికి గంధకం వేయక్కర్లేదు.

దుంపలబుట్ట:
మొన ఉన్న వైపు కిందికి. తేల్చుకోలేకపోతే పక్కకు పడుకోబెట్టండి, మొలక తనంతట తానే పైకి తిరుగుతుంది. 2 అంగుళాల లోతు, 4-6 అంగుళాల ఎడం. నాటగానే ఒకసారి తడపండి. ఆపైన పై అంగుళం మట్టి ఆరితేనే మళ్ళీ నీళ్ళు.

40 దుంపలే కాబట్టి ముందే మొలకెత్తించడం మంచిది. నానిన దుంపల్ని, తడిపి పిండేసిన కోకోపీట్‌లో (కొబ్బరి పొట్టులో) కప్పి, 50 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే చీకటి చోట రెండు వారాలు ఉంచండి. మధ్యమధ్య చూసి బూజు పట్టినవి తీసేయండి. తెల్లవేళ్ళు అర అంగుళం దాటకముందే నాటాలి, పొడుగైతే విరిగిపోతాయి.

ఎండాకాలం_తోట:
నేలలో వదలొద్దనే నా మాట. వేసవి వేడికి ఆకులు పండి దుంప నిద్రలోకి పోతుంది. అప్పుడు దానికి పొడినేల కావాలి, లాన్ స్ప్రింక్లర్ పక్కన అది కుదరదు. దాచుకోవాలంటే ఆకు పూర్తిగా ఎండాక తవ్వి, నీడన ఆరబెట్టి, కాగితం సంచిలో దాచండి. కానీ అంత శ్రమకు రెండో ఏటి పూత సరితూగదు, ఏటేటా కొత్త దుంపలు కొనుక్కోవడమే నయం.

చలి 25 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగుతుందంటే ఫ్రాస్ట్ క్లాత్ (మొక్కల్ని చలినుంచి కాపాడే గుడ్డ) కప్పండి, మొగ్గలు ముందుగా దెబ్బతింటాయి. పువ్వును లాగి తెంపకండి, దుంప కదిలిపోతుంది. కాడను అడుగునుంచి కత్తితో కోయండి. రసం చర్మానికి మంట పుట్టిస్తుంది, చేతులకు గ్లవ్స్ ఉండాలి. పిల్లలు, కుక్కలు నోట పెట్టకుండా చూసుకోండి.