అప్‌డేట్: కాన్పు తర్వాత కలయికలో మంట, కారణం తెలిసింది

బాబు పుట్టి నెలలు గడిచినా కలిసినప్పుడు మంట తగ్గట్లేదని, నాకు ఇష్టం పోయిందని ఆయన అనుకుంటున్నారని అడిగాను కదా. పాలిస్తున్న సంగతి డాక్టర్‌కి చెప్పమన్న అక్కకి థాంక్స్. అసలు విషయం అదే! పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి యోని పొడిబారుతుందట. కుట్లు బాగానే మానాయి, ఇన్ఫెక్షనూ లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన ఫంగస్ క్రీమ్‌తో పనే లేదు.

లూబ్రికెంట్ (కలిసేటప్పుడు పొడిదనం తెలియకుండా రాసుకునే జెల్), తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ రాశారు. పాలు మాన్పించక్కర్లేదన్నారు. జెల్ బదులు కొందరు కొబ్బరినూనె చెప్పారు గానీ, మామూలు రబ్బరు (లేటెక్స్) కండోమ్ వాడితే వద్దు, నూనెకి అది చిరిగిపోవచ్చు.

డాక్టరమ్మ ఆయన్నీ లోపలికి పిలిచి వివరించారు. నేనెంత చెప్పినా ఎక్కనిది అప్పుడెక్కింది! మంట చాలావరకు పోయింది.