సీతకు హెచ్ పెట్టాలా, వద్దా? పాప పేరు స్పెల్లింగ్ గురించి మీ మాట చెప్పండి

బెజవాడ_అమ్మ:
మా పాపకు మా ఆయన నాయనమ్మ పేరు, సీత అని పెట్టుకున్నాం. బారసాల రోజు పళ్లెంలో బియ్యం పోసి, మా ఆయన ఉంగరంతో 'సీత' అని రాశారు. అక్కడ ఏ పేచీ లేదు. బర్త్ సర్టిఫికెట్ ఫారంలో ఇంగ్లిష్ గళ్లు చూశాకే గొడవ మొదలైంది. నాకు ఎస్-ఐ-టి-ఎ ఇష్టం, పొట్టిగా బాగుంటుంది. మా ఆయన ఎస్-ఇ-ఇ-టి-హెచ్-ఎ రాయాల్సిందే అంటారు. హెచ్ లేకపోతే జనం 'సీటా' అని పిలుస్తారట. మామగారేమో మధ్యేమార్గంగా డబుల్ ఇ ఉంచి హెచ్ తీసేయమంటున్నారు. మీరైతే ఏం రాస్తారు?

కృష్ణలంక_కుర్రాడు:
బావగారి మాటే నాదీ. మన దగ్గర టి అంటే ట, టిహెచ్ అంటే త. ఇది చిన్నప్పటి నుంచీ చేతికి అలవాటైన లెక్క. సునీత, కవిత, లలిత, ఏ స్కూల్ హాజరు పట్టీ తీసినా ఎక్కువమందికి హెచ్ ఉంటుంది. మనవాళ్ల మధ్య పెరిగే పిల్లకు మనవాళ్ల స్పెల్లింగే ఉండాలి.

ఢిల్లీలో_లలిత:
తమ్ముడూ, ఆ లెక్క ఉత్తరాదికి వస్తే తిరగబడుతుంది. హిందీవాళ్లకు టిహెచ్ అంటే థ. మా పాత ఆఫీసులో ఐడీ కార్డు మీద హిందీలో నా పేరు 'లలిథా' అని కొట్టించారు. దిద్దమని అడిగితే, మీ ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఉన్నదే రాశాం కదా మేడమ్ అన్నారు. వాళ్ల తప్పేముంది? లతా మంగేష్కర్‌కి టి పక్కన హెచ్ లేదు, గీతా దత్‌కి లేదు, స్మితా పాటిల్‌కి లేదు. అంత దూరం ఎందుకు, మన తిరుపతికి రెండు 'త'లున్నా స్టేషన్ బోర్డు మీద ఒక్క హెచ్ అయినా ఉందా? తెలుగు అన్న మాటకే హెచ్ లేకుండా రాస్తున్నాం!

కృష్ణలంక_కుర్రాడు:
తిరుపతి అందరికీ తెలిసిన ఊరు అక్కా, ఎలా రాసినా సరిగ్గానే చదువుతారు. కొత్త పిల్ల పేరు అలా కాదు కదా.

ఢిల్లీలో_లలిత:
సీత పేరు తెలియనివాళ్లు ఈ దేశంలో ఎవరున్నారు నాయనా!

రిటైర్డ్_మాస్టారు:
ఇద్దరి దగ్గరా పాయింటు ఉంది. బ్రిటిష్ కాలంలో హంటర్ పేరు మీద వచ్చిన పద్ధతి ప్రకారం త అంటే టి, థ అంటే టిహెచ్. సర్కారు మ్యాపులకు అదే ఆధారం. కానీ అందులో త, ట రెండూ ఒకే టిలో కలిసిపోతాయి. మన భాషల్లో ఆ తేడా పోతే చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది కాబట్టి దక్షిణాదిలో జనం త కోసం హెచ్ వాడుకున్నారు. థ కి ఇక చోటు లేకుండా పోయింది, అది వేరే సంగతి. ఇందులోనూ నియమం ఏమీ లేదు. సీతారాం ఏచూరి మన తెలుగువారే, ఆయన పేరులో టి పక్కన హెచ్ లేదు. నిర్మలా సీతారామన్‌గారి పేరులో ఉంది. సికింద్రాబాద్ పక్కన సీతాఫల్‌మండి రైల్వే స్టేషన్‌కి ఎస్-ఐ-టి-ఎ, విశాఖలో సీతమ్మధారకు డబుల్ ఇ, హెచ్. కాబట్టి 'సరైన స్పెల్లింగ్' కోసం వెతక్కండి. ఏది రాసినా తర్వాత మార్చకుండా ఉంటే చాలు.

లక్కీ_నంబర్:
పుట్టిన తేదీ చెప్పండి మేడమ్, ఎన్ని అక్షరాలుండాలో చూసి చెప్తాను. జయలలితగారు కూడా 2001లో పేరు చివర ఇంకో ఎ కలుపుకున్నారు.

ఢిల్లీలో_లలిత:
కలుపుకున్నారు. ఆ ఏడాదే సుప్రీంకోర్టు ఆవిడను ముఖ్యమంత్రి పదవి నుంచి దింపింది కూడా. ఇక్కడ పసిపిల్ల పుట్టిన తేదీ మాత్రం పెట్టకండి అమ్మా.

నోటరీల_బాధితురాలు:
సీత కష్టాలు సీతవి, గీత కష్టాలు గీతవి. నా పేరు గీత. టెన్త్ మెమోలో డబుల్ ఇ, హెచ్. పాన్ కార్డులో ఐ, హెచ్ లేదు. బ్యాంకులో డబుల్ ఇ, హెచ్ లేదు. ఇంటి లోనుకి వెళ్తే 'ఈ ముగ్గురూ ఒకరే' అని స్టాంపు పేపర్ మీద అఫిడవిట్ అడిగారు. మాస్టారు చెప్పినట్టు ఒకటే పట్టుకోండి.

మీసేవ_మిత్రుడు:
ఇది కాస్త గట్టిగా చెప్పాల్సిన విషయం. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969 నాటిది, 2023లో సవరించారు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు స్కూలు అడ్మిషన్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా అన్నిటికీ పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్టే చూపించాలి. అంటే అందులో పడిన స్పెల్లింగే పాపతో పాటు అన్ని చోట్లకూ వెళ్తుంది. అలాగని కంగారుపడి రేపే రాసేయక్కర్లేదు. పేరు లేకుండా రిజిస్టర్ చేయించినా ఏడాది లోపు ఫీజు లేకుండా ఎక్కించుకోవచ్చు, ఆ తర్వాత లేట్ ఫీజుతో 15 ఏళ్ల దాకా వీలుంది. ఆధార్‌లో మాత్రం పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. ఇంకోటి, సర్టిఫికెట్‌లో తెలుగు పేరు కూడా చూసుకోండి. ఇంగ్లిష్‌లో ఎస్-ఐ-టి-ఎ కొడితే కంప్యూటర్ దానంతటదే 'సిత' అని వేయడం కళ్లారా చూశాను.

డాలస్_నాన్న:
అమెరికా వస్తుందేమో అని మాత్రం ఆలోచించకండి. హెచ్ ఉంటే 'థింక్'లో ఉన్న థ పలుకుతారు, లేకపోతే ట అంటారు, అది కూడా డ లాగా వినిపిస్తుంది. మన త వాళ్ల నోట ఎలాగూ రాదు. డబుల్ ఇ ఉంటే కనీసం దీర్ఘమైనా నిలుస్తుంది. మీ మామగారి మాట తీసిపారేయకండి.

బెజవాడ_అమ్మ:
అందరికీ థాంక్స్. ఏడాది టైముందని తెలిసి కాస్త టెన్షన్ తగ్గింది. మాస్టారి పోస్టు ఇంట్లో చదివి వినిపించాను. ఇంతలో ఇంకో విషయం తట్టింది. మా ఇంటిపేరు 'త'తోనే మొదలవుతుంది. బీరువాలోంచి మా ఆయన టెన్త్ మెమో తీసి చూశాను, అక్కడ టి పక్కన హెచ్ లేదు. ఇన్నేళ్లలో ఒక్కరూ 'ట' అని చదవలేదే అని అడిగితే, "ఇంటిపేరు వేరు" అని టీవీ సౌండ్ పెంచారు.